ఏకపక్షపు తీర్పు: మన్యమున బిడ్డ చదువు, తల్లిదండ్రుల మాట

1879వ సంవత్సరమున రంపసీమలో పితూరీ పుట్టి, గొలుగొండ కొండలకును భద్రాచల ప్రాంతమునందలి రేకపల్లి గ్రామములకును వ్యాపించినప్పుడు, దాని కారణములను విచారించిన దొరలు కల్లుపన్నును, మన్సబుదారుని బలాత్కారములను, పోలీసువారి పీడనను మొదట చెప్పిరి. వాని ప్రక్కనే మఱియొక కారణము గూడ గలదు. పల్లపుసీమ వర్తకులు కొండవారిచేత ఒప్పందములు వ్రాయించుకొని, దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది హాజరు కాలేదని ఏకపక్షపు డిక్రీలు పొందుచు వచ్చిరి. కొండవానికి సమను చదువ రాదు. చదివి చెప్పువాడు లేడు. కోర్టునకు దారి తెలియదు. తెలిసినను అక్కడి మాట తనకు రాదు. పశువులను తోలుకొనిపోవుటకు బంట్రోతు గుమ్మము ముందు నిలిచిననాడే వ్యాజ్య మొకటి నడచినదని వానికి తెలిసెడిది.

ఆ పితూరీ అణగి నూటనలువది యేండ్లు దాటినది. ముఠాదారులు పోయిరి, కల్లుపన్ను పోయినది. ఏకపక్షపు తీర్పు మాత్రము పోయినదా యని నాకు సందేహము. కోర్టులను గూర్చి నేను చెప్పుట లేదు. ఖమ్మము, భద్రాచలముల నడుమనున్న అడవిపల్లెలలో చెవి వినబడని బిడ్డయో, చూపు తక్కువైన బిడ్డయో, మాట ఆలస్యమైన బిడ్డయో యున్నప్పుడు, ఆ బిడ్డ ఏ బడిలో చదువవలెను, ఏమి నేర్వవలెను, అసలు చదువుట సాధ్యమా కాదా యని నిర్ణయించు సమావేశములను గూర్చి చెప్పుచున్నాను. బల్లకు ఒక ప్రక్క ప్రధానోపాధ్యాయుడు, ప్రత్యేకవిద్య నేర్పు ఉపాధ్యాయిని, ఒక్కొక్కప్పుడు వైద్యుడు కూర్చుందురు. ఎదుట తల్లి నిలుచుండును. కుర్చీ యున్నను ఆమె కూర్చుండదు. అడిగినదానికెల్ల తల యూపును. తుదకు వ్రేలిముద్ర వేసి వెళ్లిపోవును. తల్లి అక్కడనే యున్నది, కాని తీర్పు ఆమె పరోక్షమున జరిగినట్లే జరిగినది. నాటి డిక్రీ పశువులమీద నుండెను, ఇది బిడ్డమీద.

ఈ సీమ చరిత్ర తెలిసిన గాని ఆ తల్లి మౌనము అర్థము కాదు. 1860లో నైజాము ప్రభువు గోదావరి యెడమగట్టుననున్న తాలూకాలను ఇంగ్లీషువారి కిచ్చివేసెను. అంతట నది సరిహద్దయ్యెను. కుడిగట్టున బూర్గంపహాడు, పాల్వంచ, ఇల్లెందు ప్రాంతములు నైజాములోనే యుండెను. ఎడమగట్టున భద్రాచలము మొదట మధ్యపరగణాలలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. 1953లో వరంగల్లు జిల్లాను చీల్చి ఖమ్మము జిల్లాను చేసిరి. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరినుండి తీసి దానిలో కలిపిరి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు భద్రాచలపు ఊరు తెలంగాణములో నిలిచి, దాని చుట్టుపట్ల నున్న ఎటపాక మున్నగు గ్రామములును, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. నూటయేబది యేండ్లలో ఒకే యూరివారు అర్జీ పట్టుకొని ఎన్ని కచేరీల గడపలు మార్చిరో చదువరులే లెక్కించుకొనవచ్చును. ఇల్లు కదలలేదు, కచేరీయే కదలినది. ఈ సీమలోనే కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, కారాగారమున పడి, మొఱలన్నియు కీర్తనలుగా రామునకే చెప్పుకొనెను. అధికారికి చెప్పుకొనుటకన్న దేవునికి చెప్పుకొనుటయే సులభమని ఇక్కడివారు తలంచినచో తప్పు పట్టజాలము.

ఇక భాష సంగతి. కోయలు తెలుగుసీమలో నున్నను వారి యింటిభాష గోండీ జాతికి చెందిన కోయ. దుమ్ముగూడెమునందలి మిషనులో బహుకాలము పనిచేసిన జాన్ కెయిన్ అను పాదిరి 1870 ప్రాంతమునుండి ఈ జనులను గూర్చి పత్రికలకు వ్రాసెను. 1881లో లండనునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయలను గూర్చిన వ్యాసమొకటి ప్రకటించెను. మతప్రచారమే ఆయన యుద్దేశమైనను, ఈ జనులకు చెప్పదలచిన వాడు వారి మాట నేర్వవలెనని ఆయన కనుగొనెను. నైజాము రాజ్యమున అటవిక జాతులను గూర్చి పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చు కేంద్రమును నెలకొల్పించి, గోండీలో వాచకములు వ్రాయించెను. ఆ తరువాత అఱువదేండ్లకు గాని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ మొదలైన ఎనిమిది గిరిజనభాషలలో చిన్న తరగతులకు పుస్తకములు వేయించలేదు. ఇంత ఆలస్యమున కెవ్వరిని నిందింపవలెనో నాకు తెలియదు గాని, దాని ఫలము మాత్రము తెలియును. కోయ మాట తప్ప మఱియొకటి వినని ఐదేండ్ల బిడ్డను తెలుగులో ప్రశ్నించి, బదులు రాకున్న ‘మందబుద్ధి’ యని వ్రాయుట అతిసులభము. భాష రాకపోవుటయు బుద్ధి లేకపోవుటయు ఒకటి కాదని చెప్పగలది తల్లి యొక్కతే. ఆ తల్లికిని అదే భాష రాదు.

2005లో ఛత్తీసుగడున సల్వాజుడుము ప్రారంభమైన తరువాత ప్రాణభీతిచే గోదావరి యడవులకు తరలివచ్చిన గుత్తికోయల పాట్లు ఇంకను దుర్భరములు. అడవి నడుమ గుడిసెలు వేసికొన్న వీరికి జనన పత్రము, కులపత్రము, రేషను కార్డు దుర్లభములు. అట్టి యింటి బిడ్డకు అంగవైకల్యము గూడ నున్నయెడల పత్రము లేని బిడ్డ పత్రముల కచేరీకి పోవలసియుండును.

వైకల్యము గల బిడ్డకు చదువు చెప్పవలెనను తలంపు మన దేశమున మిక్కిలి పాతది కాదు. అంధులకు 1887లో అమృతసరమునను, మూగ చెవిటివారికి 1893లో కలకత్తాలోను పాఠశాలలు వెలసెను. అవి పట్టణములలో పుట్టి పట్టణములలోనే పెరిగెను. పల్లెలలో మనము చెప్పుకొన్న సమాధానము పూర్వజన్మ కర్మము. ఈ కర్మవాదము మన గృహములయందు చేసిన హాని ఇంతింత యని చెప్పరాదు. అది తల్లిని నేరస్థురాలిని చేసినది, బిడ్డను చీకటి గదిలో నుంచినది, ఇరుగుపొరుగువారిని నిర్దోషులను చేసినది. అడవిజనులలో గూడ దయ్యము పట్టినదనియు దేవతకు కోపము వచ్చినదనియు అనువారు గలరు. కాని నేను చూచినంతవరకు వైకల్యము గల బిడ్డను దాచుట వారిలో తక్కువ. ఆ బిడ్డ మేకలవెంట పోవును, ఇప్పపూవు ఏరును, తక్కినవారితోపాటు పెరుగును. అతని బడి చదువు గూర్చి మాత్రము ఎవ్వరును ఆలోచింపరు. మైదానపు నాగరికులమైన మనకు ఇందులో గర్వింపవలసిన దేమియు లేదు.

ప్రభుత్వమువారు 1944నాటి సార్జెంటు నివేదికలో వికలాంగుల విద్యకు ఒక యధ్యాయము కేటాయించిరి. 1964–66లో కొఠారీ సంఘమువారు సాధ్యమైనంతవరకు ఈ బిడ్డలను సామాన్య పాఠశాలలోనే చదివింపవలెననిరి. 1974లో అందుకొక పథకము వచ్చెను. ఈ నివేదికలన్నిటిలోను బిడ్డ కనబడును, ఉపాధ్యాయుడు కనబడును, ఖర్చు కనబడును. తల్లిదండ్రులు బిడ్డను తెచ్చి అప్పగించువారుగా తప్ప కనబడుట అరుదు.

వారు మాటాడువారుగా కనబడినది మొదట అన్యదేశమున. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున బుద్ధిమాంద్యము గల బిడ్డల తల్లిదండ్రులు 1949లో సంఘముగా నేర్పడిరి. ‘ఈ బిడ్డలు చదువునకు తగరు’ అని బడులు త్రోసివేయుటకు ఆ రాష్ట్రపు శాసనమే వీలు కల్పించుచుండగా, వారు 1971లో ప్రభుత్వముపై వ్యాజ్యము వేసిరి. మఱుసటి యేట కోర్టు ఆమోదించిన రాజీలో ప్రతి బిడ్డకును చదువు హక్కనియు, బిడ్డను ఒక తరగతినుండి మఱియొక తరగతికి మార్చుటకు ముందు తల్లిదండ్రులకు నోటీసిచ్చి వారి మాట వినవలెననియు తేలెను. 1975లో ఆ దేశమంతటికి వచ్చిన శాసనము, ప్రతి బిడ్డకును విడిగా చదువు ప్రణాళిక వ్రాయవలెననియు, అది వ్రాయు సమావేశమున తల్లియో తండ్రియో కూర్చుండవలెననియు చెప్పెను. ఆ బల్లవద్ద తల్లికి వేసిన కుర్చీ పండితులు దయతో ఇచ్చినది కాదు. ఇరువది యేండ్లకు పైగా పోరాడి తల్లిదండ్రులు తెచ్చుకొన్నది.

మన తెలుగుదేశమున 1968లో ఠాకూర్ హరిప్రసాద్ గారి పేర హైదరాబాదున వెలసిన సంస్థయు, 1984లో సికిందరాబాదున నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థయు తల్లిదండ్రులకు శిక్షణ నిచ్చు పనికి తొలి యాశ్రయములు. అక్కడ తల్లిదండ్రులు ఒకరి నొకరు కలిసికొనిరి. కలిసికొనుటయే సగము పని. 1990 తరువాత దేశమున తల్లిదండ్రుల సంఘములు లేచి, 1995లో ‘పరివార్’ అను సమాఖ్యగా కూడెను. 1999నాటి నేషనల్ ట్రస్టు శాసనము తన పాలకమండలిలోనే తల్లిదండ్రుల సంఘముల ప్రతినిధులకు చోటిచ్చినది.

ఇందులో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది 1995నాటి వికలాంగుల శాసనమునందలి ముప్పదవ సెక్షను. ప్రభుత్వములు సమగ్రమైన విద్యాపథకము తయారుచేయవలెనని చెప్పి, అందుండవలసిన వానిని అది పేర్కొనును: బడికి ప్రయాణ సౌకర్యము, మెట్లు మొదలైన అడ్డంకుల తొలగింపు, పుస్తకములు, ఉపకారవేతనములు, పరీక్షల సవరణ. వాని నడుమ ఒక చిన్న వాక్యము గలదు. బిడ్డను ఎక్కడ చేర్చవలెనను విషయమున తల్లిదండ్రులకు గల ఫిర్యాదులను తీర్చుటకు తగిన వేదికలు ఏర్పఱుపవలెను అనునదే ఆ వాక్యము. మన దేశపు శాసనము, నిపుణుని నిర్ణయమును తల్లి కాదనవచ్చునని ఒప్పుకొన్నది అక్కడ. అది అమలులో ఎంత జరిగెను? భద్రాచల ప్రాంతమున అట్టి వేదికముందు నిలిచితినని చెప్పిన తల్లిని నేనింకను కలిసికొనలేదు. 2016లో కొత్త శాసనము వచ్చినది. అది అనేక విధముల మేలైనది: ఏడు వైకల్యములకు బదులు ఇరువదియొకటి గుర్తించినది, ప్రతి బిడ్డ పురోగతిని బడి కనిపెట్టుచుండవలెననెను, ఆఱునుండి పదునెనిమిది యేండ్లవఱకు దగ్గఱి బడిలోగాని, కోరినచో ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువు హక్కు నిచ్చెను. కాని దాని విద్యాధ్యాయమున తల్లిదండ్రుల వేదికను గూర్చిన ఆ చిన్న వాక్యము నాకు కానరాలేదు. బిడ్డకు తగిన సహాయము విడిగా నీయవలెనని యున్నది; ఆ సహాయ మేదో ఎవరు కూర్చుండి నిర్ణయింతురో లేదు.

ఐనను దారులు మూసికొనిపోలేదు. 2010 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు శాసనము ప్రకారము బడి నిర్వహణ సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలుండవలెను. 2012లో దానిని సవరించి వికలాంగ బాలలను అననుకూల వర్గమున చేర్చిరి. కావున ఆ బిడ్డల తల్లిదండ్రులకు ఆ సంఘమున తగు పాలు దక్కవలసియున్నది. ఈ సంగతి చాల గ్రామములలో ఉపాధ్యాయులకే తెలియదు. అదే శాసనమున 32వ సెక్షను చదువరులు గుర్తుంచుకొనదగినది. బిడ్డ హక్కును గూర్చి ఎవరైనను వ్రాతమూలమున ఫిర్యాదు చేసినచో, స్థానికాధికారి ఉభయపక్షములకు చెప్పుకొను అవకాశమిచ్చి, మూడు నెలలలో తీర్పు చెప్పవలెను. ఉభయపక్షములకు! 1879నాటి కొండవానికి దొరకనిదే ఇది.

సరిహద్దువారి కింకొక మాట. 2016నాటి శాసనము ప్రకారము వైకల్య ధ్రువపత్రము దేశమంతటను చెల్లును. ఎటపాక తండ్రికి భద్రాచలము నడచిపోదగినంత దగ్గఱ. కాని రాష్ట్రము వేఱు. ‘ఈ కాగితము ఇక్కడ చెల్లదు’ అని గుమాస్తా త్రిప్పిపంపినప్పుడు ఈ యొక్క వాక్యము తెలిసియున్నచో తిరుగుడు తప్పును. పింఛను, బస్సు పాసు వంటివి ఆయా రాష్ట్రముల లెక్కలు. వైకల్యము మాత్రము గోదావరి దాటినంతనే మాయము కాదు.

మండలములలో ‘భవిత’ కేంద్రములు గలవు. అక్కడి ఉపాధ్యాయినులలో శ్రద్ధగలవారు అనేకులు. చాలని జీతములకు, దూరపు దారులలో, వాగులు దాటి ఇంటింటికి పోవువారిని నేనెఱుగుదును. కాని వారెందఱు? సుప్రీముకోర్టు 2021లో ఇచ్చిన తీర్పున ప్రాథమిక తరగతులలో పదిమంది బిడ్డలకును, పై తరగతులలో పదునైదుగురికిని ఒక ప్రత్యేకోపాధ్యాయుడు చొప్పున ఉండవలెనని లెక్క చెప్పెను. 2025లో ఆ పదవులను ప్రకటింపుడని రాష్ట్రములను మఱల ఆజ్ఞాపింపవలసివచ్చెను. లెక్క కాగితముమీద నున్నంతకాలము తొందరపడి వ్రాయు నివేదికలు తప్పవు. కావుననే తల్లి మాట ఇంకను అవసరము.

ఇప్పుడు ఆ తల్లికి మనము చేయగల సహాయ మేమి? మనలో చదువుకొన్నవారికి ఒక దురభ్యాసము గలదు: బీదవాని తరఫున మాటాడుటకు పోయి, వానిని వెనుకకు నెట్టి, మనమే మాటాడుట. అధికారికి మన తెలుగు నచ్చును; మనకు అధికారి మర్యాద నచ్చును; తల్లి మూలను నిలుచుండును. అది మఱియొక ఏకపక్షము. సమావేశమునకు ముందటి సాయంకాలము ఆమె యింటికి పోయి కూర్చుండుటయే అసలు సహాయము. బిడ్డ తెల్లవారి లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు ఏమేమి చేయునో చెప్పమని, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెను. వైద్యుడు బిడ్డను పదినిమిషములు చూచును. ఆమె ఎనిమిదేండ్లు చూచినది. ఆ వ్రాతయే సాక్ష్యము. కోయ మాటయు తెలుగును వచ్చిన బంధువు నొకరిని ఆమె ప్రక్కన కూర్చుండబెట్టవలెను. వ్రేలిముద్రకు ముందు కాగితము బిగ్గఱగా చదివించి, కోయలో చెప్పించి, నకలు అడుగవలెను. ఈ పని ఎవరు చేయుదురు, ఏనాటినుండి చేయుదురు, మఱల ఎప్పుడు కూడుదురు అని అడిగి, ఆ బదులు గూడ కాగితముపై నెక్కించుకొనవలెను. ఇందులో తగవు లేదు. గట్టిగా మాటాడవలసిన పనియు లేదు.

సమావేశపు దినము గూడ స్వల్పవిషయము కాదు. వేసవిలో తునికాకు కోతకాలమున ఒక దినము పోయినచో అది సంవత్సరపు రొక్కములో పెద్దపాలు. శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగును. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినది, మూడవ హెచ్చరికయే 53 అడుగులకు. అట్టి దినములలో ‘తల్లిదండ్రులు రాలేదు’ అని వ్రాయుట న్యాయమా? సంతదినమున పిలిచినచో వత్తురు. సంతకు ఎటులైనను వత్తురు గదా.

నేను దగ్గఱనుండి చూచిన ఒక సమావేశము చెప్పెదను. ఊరిపేరు, వారి పేరులు అనవసరము. తొమ్మిదేండ్ల బాలుడు, వానికి బుద్ధి చాలదనియు, బడికి తేనక్కఱలేదనియు, ఇంటివద్దనే ఉంచవలెననియు కాగితము సిద్ధమైనది. తల్లి ఎప్పటివలె తల యూపుచుండెను. ఆమె తమ్ముడు ఉపాధ్యాయినితో, ‘మేడమ్, అక్కను ఒక్క మాట చెప్పనియ్యండి’ అనెను. ఆమె కోయలో మెల్లగా చెప్పెను, అతడు తెలిపెను. సాయంకాలము మేకలు దొడ్డికి వచ్చునప్పుడు ముప్పది మేకలలో ఒకటి తక్కువైనను ముందుగా కనిపెట్టునది ఆ బాలుడే. ఏ మేక రాలేదో గూడ చూపును. కాని వెనుకనుండి పిలిచిన తిరిగి చూడడు. ఎదుట నిలిచి పిలిచిన వచ్చును.

ఉపాధ్యాయిని కలము క్రింద పెట్టెను. లేచి బాలుని వెనుకకు పోయి చప్పట్లు చఱచెను. బాలుడు కిటికీలోనుండి బయటనున్న కోడిని చూచుచుండెను. మఱల చఱచెను. కోడినే చూచుచుండెను. ఆమె వచ్చి కూర్చుండి, వ్రాసిన కాగితమును కొట్టివేసి, చెవుల పరీక్షకు పంపవలెనని క్రొత్తది వ్రాసెను. వ్రాసినది చదివి వినిపించెను. తమ్ముడు కోయలో చెప్పెను. అప్పుడు తల్లి కుర్చీ లాగికొని కూర్చుండి, ఆసుపత్రికి ఏ బస్సు పోవునో, అది తిరిగి సాయంకాలమే వచ్చునో, మఱునాడు వచ్చునో అడిగినది.